కింది చెరువును ఎవరడిగారు?

బీవర్ అనే జంతువు వాగులకు అడ్డంగా కట్టలు కడుతుంది. ఆ కట్టలతో ట్రౌట్ చేపలకు మేలా, కీడా అని అమెరికాలో దశాబ్దాలుగా తగవు నడుస్తోంది. అనంతపురం జిల్లాలో బీవర్లూ లేవు, ట్రౌట్లూ లేవు. తగవు మాత్రం ఇక్కడా ఉంది.

2025 ఫిబ్రవరిలో చెక్ దేశం నుంచి వచ్చిన ఒక వార్తను మన ఇరిగేషన్ ఇంజినీర్లు చదివారో లేదో! అక్కడ బ్ర్‌డీ అనే రక్షిత ప్రాంతంలో వాగు మీద చిన్న అడ్డుకట్టలు కట్టాలని 2018లో అనుకున్నారు. ఆ నేల ఒకప్పుడు సైన్యం చేతిలో ఉండేది. అనుమతులు, భూమి పంచాయతీలు తెమిలేసరికి ఏడేళ్లు గడిచాయి. ఈలోగా ఎనిమిది బీవర్లు వచ్చి, సరిగ్గా కావలసిన తావులోనే కట్టలు కట్టేశాయి. సర్కారుకు మిగిలింది 3 కోట్ల క్రౌన్లు. మన లెక్కలో పది కోట్ల రూపాయల పైమాటే. ఎస్టిమేట్ లేదు, టెండరు లేదు, ఎం-బుక్ లేదు, బిల్లు కోసం ఆఫీసు చుట్టూ తిరగడం అసలే లేదు.

చెక్‌డ్యామ్ అనగానే ముందు కాంట్రాక్టరు పేరు గుర్తొచ్చే మన జిల్లాలో ఈ కథ విని ఎవరైనా నవ్వుతారు. నవ్వు అయ్యాక ఒక ప్రశ్న అడగాలి. ఆ కట్టల కింద ఎవరున్నారు?

పళ్లతో పని

బీవర్ ఎలుక, ఉడుత జాతికి చెందిన కొరికే జంతువు. ఇరవై, ముప్పై కిలోలు తూగుతుంది. తోక చదునుగా, పొలుసులతో ఉంటుంది. ముందు పళ్లలో ఇనుము కలిసి ఉండటంతో అవి నారింజ రంగులో కనిపిస్తాయి, చెట్టును కొరికి పడగొట్టేంత గట్టిగా ఉంటాయి. పడిన చెట్టు బెరడు తింటుంది, మిగిలిన కొమ్మల్ని వాగుకు అడ్డంగా పేర్చి, బురద మెత్తి, రాళ్లు ఆనిస్తుంది. అంత శ్రమా దేనికంటే, దాని ఇంటి వాకిలి ఎప్పుడూ నీటిలో మునిగి ఉండాలి. అప్పుడే తోడేలు లోపలికి రాలేదు. మనకు చెరువు సేద్యానికి, దానికి కాపురానికి.

కట్టకు చిల్లు పడితే దానికి ఎలా తెలుస్తుంది? స్వీడన్ శాస్త్రవేత్త లార్స్ విల్సన్ 1960లలో దీన్ని పరీక్షించాడు. నీరు పారే చప్పుడును స్పీకరులో వినిపిస్తే, బీవర్లు ఆ చప్పుడు వచ్చే చోట కొమ్మలూ బురదా తెచ్చి కుప్పపోశాయి. నీరు కారే సద్దు చెవిన పడితే వాటి కాళ్లూ పళ్లూ ఆగవు. కట్ట మరమ్మతు రాత్రి డ్యూటీ, రోజూ ఉంటుంది. చెరువు నీళ్లు చూసుకునే నీరుగంటి ఉన్న రోజుల్లో మన చెరువు కట్టలకూ ఇలాంటి కాపలా ఉండేది. ఎలుక బొక్క కనిపించిన నాడే మూసేవాడు. ఇప్పుడు ఆ పని ఎవరిదో చెప్పమంటే పంచాయతీ వాళ్లు మైనర్ ఇరిగేషన్ వైపు, మైనర్ ఇరిగేషన్ వాళ్లు ఉపాధి హామీ వైపు చూస్తారు.

యూరప్ వాళ్లు వచ్చేనాటికి ఉత్తర అమెరికాలో ఆరు కోట్లకు తక్కువ కాకుండా బీవర్లు ఉండేవని అంచనా. వాటి బొచ్చుతో చేసిన టోపీలు యూరప్‌లో ఫ్యాషన్ అయ్యాయి. 19వ శతాబ్దం ముగిసేసరికి జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. కట్టేవాళ్లు పోయాక కట్టలు తెగాయి. వాగులు లోతుకు కోసుకుపోయాయి, ఇరువైపులా నేలలో నీటిమట్టం పడిపోయింది. తర్వాత తెలివొచ్చి వాటిని మళ్లీ పెంచడం మొదలుపెట్టారు. ఐడహో రాష్ట్రంలో 1948లో మనుషులకు అడ్డొస్తున్న 76 బీవర్లను పెట్టెల్లో పెట్టి, పారాచూట్లు కట్టి, విమానంలోంచి కొండల్లోకి దించారు. నేల తాకగానే పెట్టె తానే తెరుచుకునేలా చేశారు. ఒకటి తప్ప అన్నీ క్షేమంగా దిగి, తమ పని మొదలుపెట్టాయి.

ఒక వాగుకు మందు, ఇంకో వాగుకు విషం

ట్రౌట్‌కు చల్లని, గాలి బాగా కలిసిన, పారే నీరు కావాలి. అడుగున శుభ్రమైన గులకరాళ్లుంటే వాటి సందుల్లో గుడ్లు పెడుతుంది. మన దేశంలో అది నీలగిరులు, మున్నార్, కాశ్మీరు లాంటి చల్లని కొండ సీమల్లో మాత్రమే కుదురుకుంది. అక్కడికీ తెల్లదొరలు సరదాగా గాలం వేసుకోవడానికి తెప్పించుకున్నదే.

బీవర్ కట్ట కడితే పారే వాగు మడుగవుతుంది. మడుగు వెడల్పయితే ఎండ ఎక్కువ తగిలి నీరు వెచ్చబడుతుంది. మట్టి పేరుకుని గులకరాళ్లను కప్పేస్తుంది. గుడ్లు పెట్టడానికి ఎగువకు ఎక్కే చేపకు కట్ట అడ్డం. ఈ కారణాలతో విస్కాన్సిన్ రాష్ట్రంలో 1980ల చివరి నుంచి ట్రౌట్ వాగుల మీది బీవర్లను ప్రభుత్వ సిబ్బందే పట్టి చంపడం, కట్టల్ని పేల్చేయడం ఒక కార్యక్రమంగా సాగుతోంది. గాలం వేసే వాళ్ల సంఘాలు దానికి మద్దతు. జంతుప్రేమికులు, కొందరు శాస్త్రవేత్తలు వ్యతిరేకం.

అదే దేశంలో పడమటన ఆరిగన్ రాష్ట్రానికి వెళ్తే కథ తలకిందులు. అక్కడ బ్రిడ్జ్ క్రీక్ అనే వాగు కోసుకుపోయి, కందకంలా లోతుకు దిగిపోయింది. బీవర్లు కట్టినవి వరదకు నిలవడం లేదు. శాస్త్రవేత్తలు వాగులో గుంజలు దిగ్గొట్టి, వాటి మధ్య కొమ్మలు అల్లి, వందకు పైగా బీవర్ కట్టల నకళ్లు కట్టారు. మిగిలిన పని బీవర్లు అందుకున్నాయి. నీటిమట్టం పైకొచ్చింది, పక్కల నేల తడిసింది. సముద్రానికి వెళ్లి తిరిగొచ్చే స్టీల్‌హెడ్ అనే ట్రౌట్ పిల్లల సంఖ్య, బతుకు రెండూ పెరిగాయని, కట్టలు వాటి రాకపోకలకు అడ్డు కాలేదని 2016లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. విస్కాన్సిన్ వాగులు చాలావరకు చల్లని ఊటలతో నిండుగా, వాలు తక్కువగా పారేవి. అక్కడ మడుగు అంటే నీరు కాగడమే. ఆరిగన్ నేల మన నేల లాంటి ఎండు సీమ. అక్కడ కట్ట వెనుక ఇంకిన నీరు నేలలో చల్లబడి, కొంత దూరం కింద మళ్లీ వాగులోకి ఊరుతుంది. వేసవిలో చేపను బతికించేది ఆ ఊటే.

కట్టను తీసేయకుండానే తగవు తీర్చుకున్న చోటు కూడా ఒకటుంది, కాలిఫోర్నియాలో మార్టినెజ్ అనే ఊరు. మన పిల్లలు వేలల్లో స్థిరపడిన బే ఏరియాలోనే. 2006-07లో ఆ ఊరి నడుమ పారే అల్హంబ్రా వాగులో బీవర్లు కట్ట కట్టాయి. వరదొస్తే బజారు మునుగుతుందని నగరపాలకులు వాటిని తీసేయబోయారు. జనం అడ్డుపడ్డారు. చివరికి 2008లో కట్టలోంచి ఒక గొట్టం దూర్చారు. నీరు ఒక మట్టం దాటితే ఆ గొట్టం గుండా చప్పుడు లేకుండా కిందికి పోతుంది. చప్పుడు లేదు కాబట్టి బీవర్‌కు పూడ్చాలన్న ఆలోచన రాదు. కట్టా మిగిలింది, బీవరూ మిగిలింది, కిందికి నీరూ పోయింది. తూము అనేది మన పెద్దలు కనీసం ఏడొందల ఏళ్ల కిందటే కట్టలకు పెట్టారు. మన కొత్త చెక్‌డ్యాములకు మాత్రం అది లేదు.

మన వంకలు, మన కట్టలు

అనంతపురం సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల ప్రాంతం. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో మనదొకటని బడిపిల్లలూ చెబుతారు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే కరిగిపోతాయి, ఈశాన్యానికి ఇంత దూరం వచ్చే ఓపిక ఉండదు. ఎండ ఆవిరి చేయగల నీరు, కురిసే వాన కంటే మూడింతలు. పెన్న, చిత్రావతి, జయమంగళి, హగరి, పండమేరు, తడకలేరు, ఇవన్నీ ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక పరుపులు. ఇలాంటి చోట వాన నీటిని ఎక్కడికక్కడ ఆపాలన్న ఆలోచన తప్పని ఎవరూ అనలేరు.

ఆపారు కూడా. హనుమంతరావు కమిటీ 1994లో సూచించిన మార్గదర్శకాలతో వాటర్‌షెడ్ పనులు ఊపందుకున్నాయి. 2000లో నీరు-మీరు వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న దేశం మొత్తానికీ ఉపాధి హామీ పథకం మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ కూలీల చేతుల మీదుగా కుంటలు, కందకాలు, రాతి కట్టలు వేలల్లో లేచాయి. 2015 నుంచి నీరు-చెట్టు. 1969లో ఇక్కడికొచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్డీటీ, ఇంకా ఎన్నో సంస్థలు తమ వంతుగా కట్టాయి. ఒక వంక వెంట నడిచి చూడండి. ఒక కట్ట కనుమరుగయ్యేలోపు ఇంకోటి ఎదురవుతుంది.

అయితే ఈ వంకలు ఖాళీగా ఉన్నప్పుడు కట్టినవి కావు ఇవి. సీడెడ్ జిల్లాలకు 1800 నుంచి 1807 వరకు కలెక్టరుగా ఉండి, అనంతపురంలోనే మకాం పెట్టిన థామస్ మన్రో ఈ సంగతి అప్పుడే గ్రహించాడు. చెరువు కట్టడానికి అనువైన తావు ఏదీ ఇక్కడి జనం వదిలిపెట్టలేదని, కొత్త చెరువులు కట్టబోవడం పూడిపోయిన పాతవి బాగుచేయడం కంటే వృథా ప్రయాస అని పైవాళ్లకు రాశాడు. రెండు వందల ఏళ్ల కిందటి మాట. అంటే ప్రతి వంకలోని నీటికీ అప్పటికే ఒక కింది చెరువు హక్కుదారు. కొత్త కట్టలో ఆగే ప్రతి కడవా ఎవరిదో ఒకరిది.

విజయనగర రాజుల కాలానికి ఇది ఇంకా బాగా తెలుసు. పక్కనే కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించాడు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు చెప్పి, ఊరుకోక ఆరు దోషాలూ చెప్పాడు. కట్ట కారడం, చవిటి నేల, చెరువు నడుమ తాబేటి వీపులా మెట్ట లేవడం, ఇవి ఎవరికైనా తట్టేవే. మిగతా మూడూ గమనించండి. నీరు కొంచెం, సాగు భూమి ఎక్కువ కావడం ఒకటి. నీరు ఎక్కువై భూమి చాలకపోవడం ఒకటి. రెండు రాజ్యాల పొలిమేరన చెరువుండటం ఒకటి. ఈ మూడింటిలోనూ చెరువు కట్టుబడి తప్పేమీ లేదు. నీటికీ, భూమికీ, మనుషులకూ పొత్తు కుదరకపోవడమే దోషం. ఇప్పటి డీపీఆర్‌లలో ఈ కాలమ్ కోసం నేను వెతుకుతూనే ఉన్నాను.

కళ్యాణదుర్గం లెక్క

ఈ మాటలు మన పెద్దల గొప్పలుగా తీసిపారేసే వారికి ఒక ఆధునిక లెక్క కూడా ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో ఏపీ గ్రామీణ జీవనోపాధుల పథకం కింద కళ్యాణదుర్గం మండలంలోనూ, అప్పటి కర్నూలు జిల్లా డోన్ మండలంలోనూ నీటి ఆడిట్ చేశారు. రామమోహనరావు, చార్లెస్ బాచెలర్ తదితరుల బృందం చేసిన ఈ పని 2003లో బయటికి వచ్చింది. డబ్బు పద్దులు చూసినట్టు నీటి పద్దులు చూశారు. వాన ఎంత పడింది, వంక ఎంత పారింది, బోర్లు ఎంత తోడాయి, చెరువుకు ఎంత చేరింది అని. తేలిందేమిటంటే, పెద్ద పరివాహకాల్లో వంకల నుంచి పారే నీరు అధికారులు పుస్తకాల్లో రాసుకునేదానికంటే బాగా తక్కువ. ఎగువన కట్టలు, వాటి చుట్టూ బోర్లు పెరిగిన చోట పాత చెరువులకు వచ్చే నీరు పడిపోయింది. వాటర్‌షెడ్ పనులు కరువుకు మందా, లేక కరువులో భాగమా అని ఆ బృందం సూటిగానే అడిగింది.

ఈ తేడా ఎక్కడొచ్చిందో ఆరిగన్ వాగు పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. అక్కడ కట్ట వెనుక ఇంకిన నీటిని ఎవరూ తోడరు. అది నేలలోనే నడిచి కింద మళ్లీ వాగులో పడుతుంది. ఎగువ ఆపిన నీరు దిగువకు ఆలస్యంగా, చల్లగా చేరుతుంది, అంతే. మన దగ్గర కింద నల్లరాయి. పైన కొద్ది గజాల మేర పొడిరాయి పొర, ఇంకిన నీరంతా అందులోనే, రాతి నెర్రెల్లోనే ఉండాలి. చెక్‌డ్యామ్ పడిందని తెలియగానే పక్క పొలంలో బోరు దిగుతుంది. 2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం. కట్ట ఇంకించిన నీరు కింది వంకలో ఊరడానికి ముందే పైపులోకి ఎక్కేస్తుంది. బీవర్ కట్ట నీటిని నిదానం చేస్తుంది. మన చెక్‌డ్యామ్ నీటిని పట్టా మార్పిడి చేస్తుంది.

పైన ఉన్న రైతును దొంగ అనడం నా ఉద్దేశం కాదు. అతనికీ రెండెకరాలే, అతనికీ బోరు అప్పులే. తరాలుగా వాన మీదే బతికి, వేరుశనగ ఎండిన ఏడాదల్లా బెంగళూరుకు వలస పోయిన మెట్ట రైతు, తన పొలంలో పడిన వానను తానే వాడుకుంటానంటే కాదనడానికి కింది ఆయకట్టుదారుకు ఏ ధర్మం ఉంది? తడి పొలాలు ఊళ్లో ఎవరి చేతుల్లో ఉండేవో అందరికీ తెలుసు. ఆ నీళ్లు కొన్ని పైకి ఎక్కడం న్యాయమే అనే వాదనలో బలముంది. కానీ ఆ న్యాయాన్ని ఎవరూ కూర్చుని తేల్చలేదు. లక్ష్యం ఇన్ని కట్టలని కాగితం మీద రాసి, బిల్లులు పాస్ చేసి, తేలకుండానే అమలు చేశారు. చెరువు కింద కౌలుకు చేసే మాల మాదిగల కుటుంబాలు, చెరువులో చేపలు పట్టే బెస్తలు, బట్టలుతికే చాకళ్లు, పశువులకు నీళ్లు పెట్టే గొల్లలు, వీళ్లెవరినీ ఆ కాగితం అడగలేదు.

మరువ పారిన ఏడాది

చెరువు నిండి మరువ, అంటే అలుగు, పారితే ఊళ్లో పండగే. గంగమ్మకు పూజ, పొట్టేళ్లు, కట్ట మీద జనం. ‘ఏమప్పా, మీ చెరువు మరువ పారిందంటనే!’ అని పక్క ఊరివాళ్లు అడగడంలో అసూయ కూడా ఉంటుంది. ఆ పండగలో చేపకూ వాటా ఉంది. తొలి వరదకు పరిగెలు, జెల్లలు నీటికి ఎదురెక్కుతాయి. ఎగువ కుంటల్లో, మునిగిన గడ్డిలో గుడ్లు పెడతాయి. మరువ కింద బుట్టలు పెట్టుకుని పిల్లలు కాచుకునేది వీటి కోసమే. ట్రౌట్ గురించి అక్కడివాళ్లు పడే బెంగకు మన దగ్గర సరిగ్గా సాటి వచ్చేది ఇదే. నిలువు సిమెంటు గోడ అడ్డంగా లేచిన వంకలో చిన్న చేప పైకి ఎక్కలేదు. కొమ్మలతో అల్లిన బీవర్ కట్టకు సందులుంటాయి, పక్క పాయలుంటాయి. యూటా రాష్ట్రంలో ఒక వాగులో చూస్తే అక్కడి సొంత ట్రౌట్లు బీవర్ కట్టలు దాటి పోయాయి, బయటి నుంచి తెచ్చిన బ్రౌన్ ట్రౌటే ఎక్కువగా ఆగిపోయింది. సిమెంటు గోడకు ఆ విచక్షణ లేదు.

కొర్రమీను సంగతి వేరు. నీటి పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది కాబట్టి అడుగంటిన చెరువు బురదలోనూ కొన్నాళ్లు ప్రాణం నిలుపుకుంటుంది. కరువు సీమకు తగిన చేప. మత్స్యకార సొసైటీలు పెంచే బొచ్చె, రాగండి నిలవ నీటిలో సంతానం పెట్టవు. 1957లో హీరాలాల్ చౌధురి ఒడిశాలో సూది మందుతో ఈ కోవ చేపల చేత గుడ్లు పెట్టించాకనే చేపపిల్లలు సంచుల్లో ఊరూరికీ రావడం మొదలైంది. చెరువు నిండిన ఏడాదే పిల్లల్ని వదులుతారు. నిండని ఏడాది వేలం లేదు, సొసైటీకి పని లేదు. చెక్‌డ్యామ్ మడుగు రెండు నెలల్లో ఎండిపోతుంది, అందులో చేప తూకానికి రాదు. పది చెక్‌డ్యాములు కలిసి ఒక చెరువుతో సమానమని కాగితం మీద క్యూబిక్ మీటర్లు చెబుతాయి. బెస్తవాడి పుట్టి మాత్రం ఆ మాట ఒప్పుకోదు.

ఊట కాలువలు కూడా ఇలాగే పోయాయి. పెన్న, చిత్రావతి ఇసుకలో వాలుగా కాలువ తవ్వుకుంటూ పోతే, కొంత దూరానికి ఇసుక కింది నీరు తానే కాలువలోకి వచ్చి పొలాలకు పారేది. మోటారు లేదు, డీజిల్ లేదు. ఏటా ఊరంతా కలిసి పూడిక తీస్తే చాలు. 1905 నాటి జిల్లా గెజిటీరులో వీటి వర్ణన ఉంది. ఏటి పక్క బోర్లు ఒకవైపు, లారీలకు ఎక్కిన ఇసుక ఒకవైపు ఆ ఊటల్ని పీల్చేశాయి. ఏరు తానే చేసిన బీవర్ కట్ట ఇసుక. దాన్ని ట్రాక్టరు లోడ్ల లెక్కన అమ్ముకున్నాం.

పొలిమేర తగవు

మనం కింది చెరువును అడగలేదు సరే. మనల్ని ఎవరైనా అడిగారా? పెన్న, చిత్రావతి, పాపాగ్ని పుట్టింది నంది కొండల పరిసరాల్లో, కర్ణాటకలో. హగరి కూడా అటునుంచే. పైవాడు కట్ట కడితే ముందు ఎండేది మనమే. 1892లో మద్రాసు ప్రభుత్వం, మైసూరు సంస్థానం ఒక ఒప్పందం రాసుకున్నాయి. పదిహేను ప్రధాన నదుల పేర్లు అందులో ఉన్నాయి. హగరి, పెన్న, చిత్రావతి, పాపాగ్ని ఆ జాబితాలోవే. వాటి మీద కొత్త కట్ట కట్టాలంటే మైసూరు ముందుగా మద్రాసు సమ్మతి పొందాలి. హగరి మీద మారికణివె దగ్గర కట్ట కడితే కింద బళ్లారి, అనంతపురాల గతేమిటన్న ఆందోళన దాని వెనుక ఉంది. ఆ డ్యామ్, వాణివిలాస సాగరం, చివరికి 1907లో పూర్తయింది. 1933 తర్వాత మళ్లీ 2022లో గానీ అది పొంగి పొర్లలేదు. 89 ఏళ్లు దాని మీదుగా చుక్క కిందికి దూకలేదన్న మాట. 2003-04 ప్రాంతంలో బాగేపల్లి దగ్గర చిత్రావతి మీద పరగోడు కట్ట కడుతున్నారని మన జిల్లాలో పెద్ద ఆందోళన జరిగింది. మా చెరువుల నోట మట్టి కొడుతున్నారని నాయకులంతా ఒక్క గొంతుతో అన్నారు. అన్నది నిజమే. అదే నాయకులు అదే ఏడాది తమ నియోజకవర్గం ఎగువ వంకల్లో ఎన్ని చెక్‌డ్యాములకు కొబ్బరికాయ కొట్టారో లెక్క చూసుకోలేదు.

ఎక్కువ వానకు కూడా ఈ లెక్కే. 2021 నవంబరు 19న చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతిలో చిక్కుకున్న పది మందిని వైమానిక దళం హెలికాప్టరుతో పైకి లాగాల్సి వచ్చింది. కరువు జిల్లాలో! అదే రోజు పక్క కడప జిల్లాలో పైనున్న పింఛ ప్రాజెక్టు కట్ట తెగి, ఆ నీరంతా చెయ్యేరు మీది అన్నమయ్య డ్యామ్ మీద పడి, అదీ తెగి, ఊళ్లు కొట్టుకుపోయాయి. గొలుసులో పై కట్ట తెగితే కింది కట్టకు వచ్చే వరద వానతో వచ్చేదానికంటే పెద్దది. బుక్కరాయసముద్రం కట్ట కోసం ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ మనకు కొత్త కాదు. సి.పి. బ్రౌన్ అచ్చువేయించిన అనంతపురం చరిత్రలోంచి తీసుకుని కట్టమంచి రామలింగారెడ్డి దాన్ని కావ్యం చేశారు. కట్ట తెగుతుందన్న భయం ఈ నేలకు ఎంత పాతదో చెప్పడానికి ఆ ఒక్క కథ చాలు. మరమ్మతుకు నోచుకోని వందలాది చిన్న కట్టలు ఎగువన ఉన్నప్పుడు ఆ భయం తగ్గదు, పెరుగుతుంది.

ఏం చేయొచ్చు

అమెరికావాళ్లను చూసి బీవర్లను తెచ్చుకోమని ఎవరూ అనకండి. 1946లో అర్జెంటీనా దక్షిణ కొసకు బొచ్చు వ్యాపారం కోసం ఇరవై బీవర్లను తెచ్చి వదిలారు. అవి లక్ష దాటి అడవుల్ని కొరికేశాయి. వాటిని నిర్మూలించడానికి ఇప్పుడు అర్జెంటీనా, దాని పొరుగు దేశం రెండూ తల పట్టుకున్నాయి. పరాయి జంతువు అక్కర్లేదు. దాని పనితనం గమనిస్తే చాలు.

కారే కట్ట కట్టాలి. వంక తలాపున, గుట్టల మొదట్లో వదులు రాళ్ల కట్టలు ఎన్ని వేసినా కింది చెరువుకు నష్టం తక్కువ. అవి నీటిని ఆపవు, పరుగు తగ్గిస్తాయి, మట్టిని పట్టుకుని కింది చెరువు పూడకుండా కాస్తాయి. ఇంకా పైకి వెళ్తే చెట్టూ గడ్డే కట్ట. చెన్నేకొత్తపల్లి మండలం ముష్టికోవెల చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, టింబక్టు కలెక్టివ్ కలిసి 1990ల నుంచి కల్పవల్లి బంజరులో వేల ఎకరాల గుట్టల్ని నిప్పు నుంచి, గొడ్డలి నుంచి కాపాడితే గడ్డి, ఈత తిరిగి లేచాయి. గడ్డి పరుచుకున్న వాలు మీద వాన పరుగెత్తదు. తర్వాత అదే గుట్టల మీద గాలిమరలకు రోడ్లు కోసినప్పుడు ఆ వాలు ఎంత సున్నితమైనదో బయటపడింది.

పెద్ద వంకల మీది సిమెంటు గోడలకు తూములు పెట్టాలి. మొదటి వరద కిందికి పోనిచ్చి, చెరువు సగం నిండాక మూసుకోవచ్చు. ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో ఒక నీరుగంటి చూసుకోవాలి, అతనికి జీతం ఇవ్వాలి. కొత్తది కట్టే డబ్బులో కొంత పాతదాన్ని బాగుచేయడానికి మళ్లిస్తే ఆ జీతం ఎప్పుడో వచ్చేస్తుంది. ఎక్కడో ఒక చెక్‌డ్యామ్ కింది చెరువును నిజంగానే ఎండబెడుతోందని లెక్క తేలితే దాన్ని పగలగొట్టడానికి కూడా వెనకాడకూడదు. విస్కాన్సిన్‌లో చేస్తున్నది ఆ పనే. వాగు వాగుకీ వేరే తీర్పు చెప్పడం వాళ్లకు వచ్చింది. మనకు మాత్రం జిల్లా మొత్తానికీ ఒకటే టార్గెట్.

2012 నుంచి హంద్రీ-నీవా మీదుగా కృష్ణా నీరు మెట్లు మెట్లుగా ఎత్తిపోతల్లో జీడిపల్లికి ఎక్కుతోంది. అక్కడి నుంచి చెరువులు నింపమని ఊరూరా వినతిపత్రాలు. నింపాల్సిందే. అయితే శ్రీశైలం నుంచి కరెంటు కాల్చి తెచ్చిన నీళ్లతో చెరువు నింపి, అదే చెరువుకు ఉచితంగా వచ్చే వాన నీటి వంకను పైన మూసిపెట్టడం ఏ లెక్కకూ నిలవదు.

ఈసారి మీ ఊరి గ్రామసభలో చెక్‌డ్యామ్ తీర్మానం పెట్టినప్పుడు చేయి ఎత్తే ముందు ఒక మాట అడగండి. ఈ వంక కింద మొదటి చెరువు ఏ ఊరిది, అది ఆఖరుసారి మరువ పారింది ఏ ఏడు, ఆ ఊరి ఆయకట్టు రైతుల్ని, బెస్తల్ని ఈ సభకు పిలిచారా? పిలవకపోతే తీర్మానం వచ్చే సభకు వాయిదా వేయమనండి.